నెల్లూరులో ఎన్ని అక్షరాలు?

'నెల్లూరు' అనే మాటలో ఎన్ని అక్షరాలున్నాయి? వేళ్ల మీద లెక్కపెట్టండి. నె, ల్లూ, రు. మూడు. రెండో తరగతి పిల్లాడైనా ఇదే చెప్తాడు.

ఇప్పుడు అదే ప్రశ్న మీ బ్రౌజర్‌ని అడగండి. జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ అడిగితే 8 అంటుంది. న, ఎత్వం, ల, పొల్లు, ఇంకో ల, దీర్ఘపు ఊత్వం, ర, ఉత్వం... అన్నీ దానికి విడివిడి గుర్తులే. ఎన్ని బైట్లు అని అడిగితే 24. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తూ మూడు బైట్లు తింటుంది మరి. 'అట్టా కాదు నాయనా, మనిషి కంటికి కనపడే అక్షరాలు లెక్కపెట్టు' అని ఇంటిల్ సెగ్మెంటర్‌ని అడిగితే, పాత యూనికోడ్ నియమాల ప్రకారం 4. ఎందుకంటే 'ల్' ఒకటి, 'లూ' ఒకటి అనుకునేది. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన యూనికోడ్ 15.1లో నియమం మార్చారు. తెలుగు, దేవనాగరి, బెంగాలీ లాంటి కొన్ని లిపుల్లో వత్తుతో కలిసిన అక్షరాన్ని విడగొట్టకూడదన్నారు. ఆ నియమం అందుకున్న బ్రౌజర్ 3 అంటుంది.

అంటే మన ఊరి పేరులో మూడు అక్షరాలున్నాయని కంప్యూటర్ ఒప్పుకోడానికి 2023 దాకా పట్టింది.

మా మీటప్‌కి కొత్తగా ఎవరొచ్చినా మొదట ఈ ప్రశ్నే అడుగుతాం. మీటప్ అనగానే ఏసీ హాలు, మెడలో ట్యాగు, స్పాన్సర్ పిజ్జా ఊహించుకోకండి. నెల్లూరు టౌన్‌లో ఒక ఫ్రెండ్ వాళ్ల మేడ మీద గది, ప్లాస్టిక్ కుర్చీలు, కింద నుంచి వాళ్లమ్మ పంపే టీ. నెలకోసారి, రెండో ఆదివారం. ఎండాకాలం ఆ గదిలో కూర్చుంటే ఉడికిపోతాం కాబట్టి బైకులేసుకుని మైపాడు బీచ్‌కి పోతాం. ఇసకలో లాప్‌టాప్ తెరవడం మంచిది కాదని తెలుసు. అందుకే అక్కడ ఫోన్లతోనే పని.

టాపిక్ ఒకటే. వెబ్ స్టాండర్డ్స్. నేను బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేసే ఫ్రంట్ ఎండ్ వాణ్ణి. మిగతావాళ్లలో ఇద్దరు ఫ్రీలాన్సర్లు, ఒకతను ప్రింటింగ్ షాపులో డిజైనర్, మిగిలినవాళ్లు ఇంజనీరింగ్ పిల్లలు.

"వెబ్ స్టాండర్డ్స్ అంటే ఏంది బావా?" అని మా అత్త కొడుకు అడిగాడు. వాడికి వ్యవసాయం. కాబట్టి పుట్టితో చెప్పాను. మన నెల్లూరులో వడ్లు పుట్టి లెక్కన అమ్ముతారు. పుట్టి అంటే 850 కిలోలు. ఆ అంకె మీద అందరూ ఒప్పుకున్నారు కాబట్టే బేరం నడుస్తుంది. దళారి ఎవడన్నా పుట్టి పేరు చెప్పి ఇంకో బస్తా ఎక్కువ తూచుకుంటే, "పుట్టంటే ఎంతయ్యా?" అని రైతు నిలదీయొచ్చు. గెలుస్తాడా లేదా అన్నది వేరే సంగతి. నిలదీయడానికి చేతిలో ఒక అంకె ఉంది కదా. వెబ్ స్టాండర్డ్ కూడా అంతే. ఈ ట్యాగు రాస్తే ఏ బ్రౌజర్ అయినా ఇట్టానే చూపించాలి, ఈ అక్షరం ఏ ఫోన్‌లో అయినా ఇట్టానే కూడాలి అని ముందే రాసి పెట్టుకున్న ఒప్పందం. 1994లో టిమ్ బెర్నర్స్ లీ మొదలుపెట్టిన డబ్ల్యూత్రీసీ అనే సంస్థ కొన్ని రాస్తుంది. హెచ్‌టీఎంఎల్‌ని వాట్‌వర్కింగ్ గ్రూప్ అనే ఇంకో బృందం చూసుకుంటుంది. అక్షరాల సంగతి యూనికోడ్ వాళ్లది. ఈ ముగ్గురి పేర్లూ గుర్తుపెట్టుకోకపోయినా ఏం నష్టం లేదు. పుట్టి గుర్తుంటే చాలు.

వాడు విని, "అయితే మీరు తూకం ఇన్‌స్పెక్టర్లన్నమాట" అన్నాడు. జీతం లేని ఇన్‌స్పెక్టర్లం, ఔను.

రెండో ప్రశ్న ఎప్పుడూ ఒకటే వస్తుంది. ఇప్పుడు వెబ్ ఎవరు చూస్తున్నారన్నా, అంతా యాపే కదా, వాట్సాప్పే కదా అని. నిజమే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోనే సేవలు మొదలుపెట్టింది. క్యూలో నిలబడే బాధ తప్పితే ఎవరికి చేదు? కానీ వాట్సాప్‌లో మీకొచ్చే లింకుల్లో ఎన్ని వెబ్ పేజీలు తెరుస్తున్నాయో ఒక వారం గమనించండి. కాలేజీ ఫీజు, హాల్ టికెట్, బస్సు రిజర్వేషన్, కరెంటు బిల్లు. చాలా యాపుల్లో లోపల కనిపించేది కూడా బ్రౌజరే, పైన యాపు చొక్కా తొడుక్కుని ఉంటుంది. పైగా యాపులో ఒక అక్షరం విరిగితే దాన్ని చేసిన కంపెనీకి మెయిల్ పెట్టి ఎదురుచూడాలి. వెబ్‌లో విరిగితే ఒప్పందం కాగితం తీసి చూపించొచ్చు.

ఇట్టా కూర్చోవడం మేమేదో కొత్తగా కనిపెట్టింది కాదు. మనకంటే ముందు ఒక బ్యాచ్ ఉంది. ఇప్పుడు ఇరవై ఏళ్ల వయసున్నవాళ్లకి ఈ కథ తెలియదు, అందుకే కాస్త ఆగి చెప్తాను.

2000ల మొదట్లో ఇంటర్నెట్‌లో తెలుగు పేపరు చదవాలంటే ఆ పేపరు ఫాంటు డౌన్‌లోడ్ చేసుకోవాలి. పేపరుకో ఫాంటు. ఒక్కోదానికీ ఒక్కో రహస్య లెక్క. ఒక ఫాంటులో 'క' ఉన్న చోట ఇంకోదాంట్లో ఇంకేదో ఉండేది. ఫాంటు లేకపోతే తెర మీద ఇంగ్లిష్ అక్షరాల చెత్త. వెతికితే దొరకదు, కాపీ చేసి వేరే చోట పెడితే నిలవదు. కింద 'ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తే బాగుంటుంది' అని ఒక నోటు. తెలుగు ఉంది కానీ కంప్యూటర్ దృష్టిలో అది తెలుగు కాదు.

యూనికోడ్‌లో తెలుగుకి చోటు అప్పటికే ఉంది. 128 గళ్ల పెట్టె. దాన్ని వాడించే మనుషులు కావాల్సి వచ్చింది. వెన్న నాగార్జున అనే ఆయన 'పద్మ' అని ఒకటి తయారుచేశారు. ఆ ఫాంటుల చెత్తని ఫైర్‌ఫాక్స్‌లోనే యూనికోడ్ తెలుగుగా మార్చి చూపించే ఎక్స్‌టెన్షన్. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియా మొదలుపెట్టింది కూడా ఆయనే. 2006లో వీవెన్ 'లేఖిని' తెచ్చారు. ఇంగ్లిష్ కీబోర్డుతో కొడితే పక్కన తెలుగు పడుతుంది. ఏ సాఫ్ట్‌వేరూ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, పేజీ తెరిస్తే చాలు. ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి కూర్చునే రోజుల్లో అదెంత పెద్ద సంగతో ఆలోచించండి.

వీటి చుట్టూ చేరినవాళ్లు హైదరాబాద్ యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో కలిసేవాళ్లు. తెలుగు బ్లాగర్ల సమావేశం. నెలనెలా, రెండో ఆదివారం. హాలు లేదు, ప్రొజెక్టర్ లేదు. చెట్టు కింద కూర్చుని ఏ బ్రౌజర్‌లో వత్తులు కూడటం లేదో, విండోస్ ఎక్స్‌పీలో తెలుగు ఎట్టా ఆన్ చేయాలో మాట్లాడుకునేవాళ్లు. ఆ గుంపులోంచే 'ఈ-తెలుగు' సంఘం వచ్చింది. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాల్ పెట్టి, వచ్చినవాళ్లకి కంప్యూటర్‌లో తెలుగు రాయొచ్చని చూపించింది. వాళ్లెవరూ తమ పనిని 'వెబ్ స్టాండర్డ్స్ అడ్వకసీ' అని పిలుచుకోలేదు. చేసింది మాత్రం అదే. ఈరోజు మీరు ఈ పేజీని ఫాంటు డౌన్‌లోడ్ చేయకుండా చదువుతున్నారంటే దాని వెనక అట్టాంటి ఆదివారాలు కూడా ఉన్నాయి.

మేం రెండో ఆదివారం ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. కాపీ కొట్టాం.

సరే, అంతా సర్దుకుంది కదా, ఇంకా ఏముంది మాట్లాడుకోడానికి? చాలా ఉంది. 2018 ఫిబ్రవరి గుర్తుందా? 'జ్ఞా' అనే అక్షరం ఐఫోన్లని పడగొట్టిన నెల. సరిగ్గా చెప్పాలంటే 'జ్ఞ' తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు, ఆ తర్వాత దీర్ఘం. ఈ వరుస మెసేజ్‌లో వస్తే చాలు, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లో ఆ యాపు తెరవగానే కూలిపోయేది. జనం దాన్ని ఒకరికొకరు పంపుకుని ఆడుకున్నారు. ప్రపంచమంతా 'తెలుగు బగ్' అని రాసింది. పాపం తెలుగు చేసిందేమీ లేదు, తప్పు అక్షరాలని కూర్చే కోడ్‌ది. ఆపిల్ కొన్ని రోజుల్లోనే 11.2.6 పంపి సర్దింది. నాకు దాంట్లో ఆసక్తి ఎక్కడంటే, 'విజ్ఞానం', 'జ్ఞాపకం' మనం రోజూ రాసే మాటలు. వాటి పక్కనే అంత పెద్ద గొయ్యి ఉందని ఫోన్లు అమ్మేశాక గానీ బయటపడలేదు. టెస్ట్ చేసే టేబుల్ దగ్గర తెలుగు చదివేవాడు లేకపోతే ఇట్టానే ఉంటుంది.

అది పేపర్లకెక్కిన బగ్. పేపర్లకెక్కనివి రోజూ చూస్తున్నాం.

వెంకటసుబ్బారెడ్డి అనే పేరు తీసుకోండి. మా జిల్లాలో ఈ పేరున్నవాళ్లు వీధికొకరు దొరుకుతారు. కంటికి ఏడు అక్షరాలు. ఫారంలో పేరు గడికి 'మాక్స్ లెంగ్త్ 15' అని పెట్టారనుకోండి, ఇంగ్లిష్ పేర్లని చూసి. హెచ్‌టీఎంఎల్ నియమం ప్రకారం ఆ 15 లెక్కపెట్టేది కంటి అక్షరాల్ని కాదు, లోపలి గుర్తుల్ని. ఈ పేరుకి 17 ఉన్నాయి. కాబట్టి ఫారం ఆయన్ని 'వెంకటసుబ్బారెడ్' దగ్గర ఆపేస్తుంది. చివరి 'డి' ఎంత నొక్కినా పడదు. మీటప్‌లో ఇది చేసి చూపిస్తే అందరూ నవ్వారు. ప్రింటింగ్ షాపు అతను మాత్రం నవ్వలేదు. "ఇట్టాంటి పేరుతో కార్డు వస్తే దాన్ని సరిచేయించుకోడానికి మనిషి ఎన్నిసార్లు తిరగాలో తెలుసా అన్నా? నా షాపుకే వస్తారు జిరాక్సులకి" అన్నాడు. పేరు ఒక చోట రెడ్డి, ఇంకో చోట రెడ్. ఆధార్‌తో కలవదు. డబ్బులు పడవు.

దీనికి మందు పెద్దదేం కాదు. పేరు గడికి అంత బిగుతు హద్దు పెట్టకండి. పెట్టక తప్పకపోతే గుర్తులు కాకుండా అక్షరాలు లెక్కపెట్టండి. మూడు లైన్ల కోడ్. ఆ మూడు లైన్లు ఎందుకు రాయాలో తెలియాలంటే మాత్రం ఎవరో ఒకరు ఆ పేరు కొట్టి చూడాలి.

పోయిన ఏడాది ఒక అమ్మాయి తమ్ముణ్ణి తోడు తీసుకుని వచ్చింది. డిగ్రీ అయిపోయింది, గ్రూప్-2కి చదువుతోంది. చూపు దాదాపు లేదు. ఫోన్‌లో టాక్‌బ్యాక్ వాడుతుంది. తెర మీద వేలు జరుపుతుంటే ఫోన్ చదివి వినిపిస్తుంది. ఆమె పెట్టుకున్న వేగానికి మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "తగ్గించమంటారా?" అని నవ్వుతూ అడిగింది. తగ్గించింది. ఒక దరఖాస్తు పేజీ తెరిచింది. ఏ సైటో చెప్పను, అట్టాంటివి చాలా ఉన్నాయి.

మొదటి శీర్షిక తెలుగులో ఉంది. ఫోన్ దాన్ని ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి వదిలేసింది. ఎందుకంటే పేజీ మొదటి లైన్లో భాష 'ఈఎన్' అని ఉంది. ఇంగ్లిష్ టెంప్లేట్ తెచ్చి తెలుగు నింపినప్పుడు దాన్ని ఎవరూ మార్చలేదు. అక్కడ 'టీఈ' అని రెండు అక్షరాలు పెడితే తెలుగు గొంతు వస్తుంది. తర్వాత "అన్‌లేబుల్డ్, బటన్" అంది. మళ్లీ "అన్‌లేబుల్డ్, బటన్." మూడు బటన్లు, మూడింటికీ పేరు లేదు. "వీటిల్లో ఒకటి సబ్మిట్, ఒకటి రీసెట్" అంది ఆమె. "ఏది ఏదో నొక్కితే గానీ తెలీదు." రీసెట్ నొక్కితే అరగంట కష్టం పోతుంది. చివర్లో బొమ్మలోని వంకర అక్షరాలు చూసి కొట్టమనే కాప్చా. వినే సదుపాయం లేదు. అక్కడ తమ్ముడి చేతికి ఫోన్ ఇచ్చేసింది.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆమే మాట్లాడింది. "నాకు జాలి వద్దు సార్, సబ్మిట్ బటన్‌కి పేరు కావాలి."

దీనికీ పుట్టి ఉంది. డబ్ల్యూసీఏజీ అంటారు. వెబ్ పేజీ అందరికీ అందేలా ఎట్టా ఉండాలో చెప్పే మార్గదర్శకాలు. 2008లో 2.0, 2018లో 2.1, 2023 అక్టోబర్‌లో 2.2 వచ్చాయి. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది. ప్రభుత్వ వెబ్‌సైట్లకి జీఐజీడబ్ల్యూ అనే సొంత మార్గదర్శకాలున్నాయి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. కళ్లు ఆర్పి చూపించమనే ఈ-కేవైసీ దగ్గర ఆగిపోయిన యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్లు వేసిన కేసులవి. కాబట్టి బటన్‌కి పేరు పెట్టడం డెవలపర్ చేసే దయ కాదు. ఆ రోజు తర్వాత మా గుంపులో ఇద్దరు టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని తమ సొంత సైటులో ఆర్డర్ పెట్టి చూస్తున్నారు. మీరూ ప్రయత్నించండి. ఒక సలహా, ఆన్ చేసే ముందే ఆఫ్ చేయడం ఎట్టాగో చూసి పెట్టుకోండి. లేకపోతే ఫోన్ మీ మాట వినదు.

ఇక సముద్రం సంగతి. మాలో ఒక కుర్రాడిది ముత్తుకూరు వైపు పల్లెకారుల కుటుంబం. నాన్నకి ఫైబర్ బోటు ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మోటారు బోట్లకి వేట నిషేధం. ఆ రోజుల్లో వలలు బాగుచేసుకుంటూ ఇంటి దగ్గరే ఉంటారు. ఒక సాయంత్రం మైపాడుకి నాన్నని తీసుకొచ్చాడు. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్రప్రభుత్వ సంస్థ ఉంది. చేపలు ఎక్కువగా దొరికే చోట్లు, అలల హెచ్చరికలు తెలుగులో కూడా ఇస్తుంది. ఉపగ్రహాలు చూసి చెప్పే సమాచారం. దాన్ని ఫోన్‌లో చదవడంలో ఆయన ఇబ్బంది ఏంటని అడిగాం.

"ఒడ్డున ఉన్నంతసేపు బాగానే ఉంటది. లోపలికి పోయినాక మళ్లీ చూద్దామని తీస్తే తెల్లగా అయిపోద్ది" అన్నాడు.

డెవలపర్లకి వెంటనే అర్థమవుతుంది. తక్కువ మెమరీ ఫోన్‌లో క్రోమ్ పాత ట్యాబుని దించేస్తుంది. తిరిగి తెరిస్తే మళ్లీ లోడ్ చేయబోతుంది. సిగ్నల్ లేదు. డైనోసార్ బొమ్మ. దీనికి స్టాండర్డ్‌లోనే మందు ఉంది, పేరు సర్వీస్ వర్కర్. చివరిసారి చూసిన పేజీని ఫోన్లోనే దాచిపెట్టి, నెట్ లేనప్పుడు దాన్నే తీసి చూపిస్తుంది. క్రోమ్‌లో 2015 నుంచి, సఫారీలో 2018 నుంచి ఉంది. యాపు అక్కర్లేదు. కుర్రాడు వారంలో ఒక చిన్న నమూనా పేజీ చేశాడు. ఏరోప్లేన్ మోడ్ పెట్టి తెరిచాడు. తెరుచుకుంది. మేం చప్పట్లు కొట్టాం.

వాళ్ల నాన్న ఫోన్ తీసుకుని చూసి, "ఇది ఎప్పటిది?" అన్నాడు.

ఎవరి దగ్గరా జవాబు లేదు. పేజీలో టైము లేదు. "నిన్నటి గాలి కబురు చూసి ఈరోజు బోటు దించితే ఏమైద్దిరా? ఎప్పటిదో చెప్పకపోతే తెల్లగా ఉండటమే మేలు" అన్నాడు. నేను ఆఫ్‌లైన్ వెబ్ గురించి విన్న టాక్స్ అన్నిట్లోకీ ఇదే గట్టిది. ఇప్పుడు ఆ పేజీలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో, 'ఈ సమాచారం ఉదయం 5 గంటలది' అని ఉంటుంది. ఒక రోజు దాటితే పాత సమాచారం కనిపించదు, 'పాతబడింది, ఒడ్డున మళ్లీ చూడండి' అని వస్తుంది. ఆయనే ఇంకోటి చూపించాడు. ఎండలో లేత బూడిద రంగు అక్షరాలు అస్సలు కనపడవు. డబ్ల్యూసీఏజీలో మామూలు అక్షరానికి 4.5కి 1 కాంట్రాస్ట్ ఉండాలంటారు. ఏసీ గదిలో అది డిజైనర్లని విసిగించే రూలు. నడిసముద్రంలో అది కనీస అవసరం.

ఇంతకీ మీటప్‌లో ఇవన్నీ చూసి ఏం చేస్తాం? రాస్తాం. డబ్ల్యూత్రీసీ వాళ్లు ఒక్కో లిపికీ 'గ్యాప్ అనాలిసిస్' అని ఒక పత్రం నడుపుతారు. తెలుగుకీ ఉంది. వెబ్‌లో ఆ లిపికి ఏది సరిగ్గా పనిచేయడం లేదో పట్టిక. గిట్‌హబ్‌లో ఎవరైనా వచ్చి ఫలానాది విరిగింది అని చెప్పొచ్చు. ఫీజు లేదు, సభ్యత్వం అక్కర్లేదు. ఉదాహరణకి 'రాష్ట్రం' అనే మాటని బటన్‌లో పెట్టండి. ష కింద ట, దాని పక్కన ర. ఇంగ్లిష్ కొలతతో లైన్ హైట్ పెట్టిన బటన్‌లో కింది వత్తులు తెగిపోతాయి. శీర్షిక సోకుగా ఉండాలని లెటర్ స్పేసింగ్ పెంచితే ఇంకో రకం తమాషాలు. ఇది స్పెక్ లోపమా, బ్రౌజర్ లోపమా, ఫాంటు లోపమా, సైటు చేసినవాడి లోపమా అని తేల్చడంలోనే మా ఆదివారాలు సగం పోతాయి. ఎక్కువసార్లు చివరిదే అని తేలుతుంది. బ్రౌజర్‌ది అని తేలితే మాత్రం పండగే.

కుర్రాళ్లకి భయం కోడ్ దగ్గర కాదు, ఇంగ్లిష్ దగ్గర. 'వాళ్లకి మన గ్రామర్ చూసి నవ్వొస్తుందేమో' అంటారు. అందుకని ముందు బోర్డు మీద తెలుగులోనే రాస్తాం. ఏం చేశాం, ఏం వచ్చింది, ఏం రావాలి. తర్వాత అందరం కలిసి ఇంగ్లిష్‌లోకి దించుతాం. పక్కన స్క్రీన్‌షాట్, సరైన రూపం చేత్తో రాసి తీసిన ఫోటో. ఎక్కడో కాలిఫోర్నియాలో ఆ బగ్ చూసే ఇంజనీరుకి 'రాష్ట్రం' చదవడం రాదు. వత్తు తెగితే అతనికి డిజైన్ లాగానే కనిపిస్తుంది. అది తప్పు అని చెప్పగలిగేది మనమే. మొదటిసారి ఒక సెకండియర్ కుర్రాడి రిపోర్టుకి 'థ్యాంక్స్, రీప్రొడ్యూస్ అయింది' అని జవాబు వచ్చినప్పుడు వాడు దాన్ని స్టేటస్‌లో పెట్టుకున్నాడు. ఆ బగ్ ఇప్పటికీ ఓపెన్‌గానే ఉంది. స్టేటస్ మాత్రం వాడు మూడు రోజులు తీయలేదు.

అంతా బాగుందని చెప్తే అబద్ధం. మొదట పదకొండు మంది వచ్చేవాళ్లం. ఈ మధ్య ఒక ఆదివారం నలుగురమే. మధ్యలో ఒక ట్రైనింగ్ సెంటర్ వాళ్లు వచ్చి హాలు ఇస్తామన్నారు, ప్రొజెక్టర్ ఇస్తామన్నారు. బదులుగా పేరు మార్చాలి. ఫుల్ స్టాక్, ఏఐ, ప్లేస్‌మెంట్ అని బ్యానర్ వేయాలి, ప్రతిసారీ చివర్లో వాళ్ల కోర్సు గురించి అరగంట చెప్పనివ్వాలి. మేం వద్దన్నాం. వద్దనడం మీద మాలో మాకు గట్టిగా గొడవైంది. "మీకు ఉద్యోగాలున్నాయి కాబట్టి వత్తుల గురించి మాట్లాడతారు. మాకు ఎడ్యుకేషన్ లోన్ ఉంది" అని ఒక కుర్రాడు మొహం మీదే అన్నాడు. ఆ తర్వాత రాలేదు. వాడి మాట తప్పని నేను అనను. వెబ్ స్టాండర్డ్స్ వస్తే ఉద్యోగం వస్తుందని ఎవరికీ మాటివ్వలేను. ఇంటర్వ్యూలో వాటి గురించి ఎవరూ అడగకపోవచ్చు కూడా.

నేను చూసింది మాత్రం చెప్పగలను. ఫ్రేమ్‌వర్కులు నా చిన్న కెరీర్‌లోనే రెండు సార్లు మారాయి. లేబుల్, బటన్, ఫారం అనే ట్యాగులు మేం పుట్టకముందు నుంచీ అట్టానే ఉన్నాయి. ఏఐతో కోడ్ రాయిస్తే అది కూడా అడగకపోతే భాష 'ఈఎన్' అనే పెడుతోంది, క్లిక్ చేసే డివ్‌కి బటన్ వేషం వేస్తోంది. దాన్ని పట్టుకోవాలంటే తెలిసిన కన్ను ఒకటి కావాలి. ఆ కన్నుకి జీతం ఎవరిస్తారన్నది ఇంకా తేలలేదు.

హైదరాబాద్, బెంగళూరులో ఇట్టాంటి మీటప్‌లకి కొదవ లేదు. బెంగళూరులో 2011లో మొదలైన జేఎస్‌ఫూ లాంటి కాన్ఫరెన్సులు ఎంతోమందికి దారి చూపించాయి. కానీ ముత్తుకూరు నాన్న బెంగళూరు రాడు. ఆ అమ్మాయి తమ్ముడికి రాత్రంతా బస్సులో తోడొచ్చే సెలవు దొరకదు. వాళ్లు రాని గదిలో 'ఎప్పటిది?' అనే ప్రశ్న పుట్టదు. అందుకే నలుగురమే అయినా ఇక్కడే పెడుతున్నాం. టీ ఖర్చు తప్ప నష్టమేమీ లేదు. ఆ టీ కూడా మాది కాదు.

వచ్చే ఏప్రిల్ 9కి ఒక ప్లాన్ ఉంది. ఆ రోజుని సీఎస్ఎస్ నేకెడ్ డే అంటారు. 2006 నుంచి ప్రపంచంలో చాలామంది డెవలపర్లు ఆ ఒక్క రోజు తమ సైటు నుంచి డిజైన్ మొత్తం తీసేసి ఒట్టి హెచ్‌టీఎంఎల్‌ని చూపిస్తారు. రంగులు పోయాక ఏది శీర్షికో, ఏది బటనో, వరుస సరిగ్గా ఉందో లేదో బయటపడుతుంది. మన జిల్లా వాళ్లు రోజూ వాడే పది సైట్లని మా బ్రౌజర్లలోనే అట్టా విప్పి చూసి, టాక్‌బ్యాక్‌తో చదివించి, కనిపించినవన్నీ రాసి ఆ సైట్ల వాళ్లకే పంపుతాం. ఆ అమ్మాయి వస్తానంది, ఈసారి స్పీడు తగ్గించనని కూడా చెప్పింది. వేట నిషేధానికి ఇంకా ఆరు రోజులుంటుంది కాబట్టి ముత్తుకూరు నాన్న రాలేడు, జూన్ లోపు వస్తాడు.

అంతవరకు మామూలుగా రెండో ఆదివారం, సాయంత్రం నాలుగున్నరకి. లాప్‌టాప్ లేకపోయినా పర్లేదు. ఇంట్లో మూలన పడేసిన పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే అది తీసుకురండి, అప్‌డేట్ చేయకుండా. దాంట్లో నెల్లూరు నాలుగు అక్షరాలేమో చూద్దాం. ఛార్జర్ మర్చిపోవద్దు, మా దగ్గర ఉన్నవన్నీ టైప్-సీలే.